మా భయాన్ని మూఢనమ్మకం అనకండి

కరోనా కొత్త రూపం వచ్చిందని పేపర్లో పడిన ప్రతిసారీ మాకు రెండు మాటలు వినబడతాయి. ఒకటి మైదానం నుంచి వస్తుంది: ‘ఏజెన్సీ వాళ్ళకి ఎంత చెప్పినా టీకా వేయించుకోరు, అంతా మూఢనమ్మకం.’ రెండోది మనలోంచే వస్తుంది: ‘అడవి బిడ్డలం, మన గాలీ నీరూ మంచివి, మనకి సూది ఎందుకు?’ మొదటి మాట తిడుతుంది. రెండోది పొగుడుతూ చంపుతుంది.

ముందు మొదటి మాట సంగతి చూద్దాం. మా వాళ్ళకి సూదంటే అనుమానం ఉన్నమాట నిజమే. ఆ అనుమానం ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి కదా. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని. దాదాపు 14 వేల మంది పిల్లలకి వేశారు. వాళ్ళలో హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు ఎందరో. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలై 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ చావులకి టీకా కారణమని విచారణలో తేలలేదు. మేమూ అలా అనడం లేదు. మా ప్రశ్న వేరు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, హెడ్‌మాస్టర్లవి. 1,948 వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ మొత్తం వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. కూతురి చేతికి సూది గుచ్చేది ఎందుకో కన్నతల్లికి ఆమె భాషలో చెప్పలేదు, అడగలేదు. వార్డెన్ సంతకం సరిపోయింది. ఇప్పుడు చెప్పండి, మా అనుమానం మూఢనమ్మకమా, అనుభవమా?

అసలు కరోనా టీకాకి మేము దూరంగా ఉన్నామా, టీకాయే మాకు దూరంగా ఉందా? 2021 మే 1 నుంచి పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి టీకా అన్నారు. ముందు కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. సిగ్నల్ కోసం కొండెక్కి నిలబడే ఊళ్ళకి ఆ మాట! ఆ నెలాఖరుకి గానీ ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వెళ్ళి రాయించుకోవచ్చని మార్చలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మూడో డోసు పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళందరికీ అన్నారు. అరవై లోపు వాళ్ళయితే ప్రైవేటు కేంద్రంలో డబ్బు కట్టి వేయించుకోవాలన్నారు. ఏజెన్సీలో ప్రైవేటు కేంద్రం ఎక్కడుందో చూపించినవాడు లేడు. ఆ తర్వాత ఉచితం అన్నారు, 2022 జూలై 15 నుంచి 75 రోజులు. అంటే గెడ్డలు పొంగి దారులు తెగే రోజులు, ఇంటింటా మలేరియా జ్వరాలతో మూలిగే రోజులు, వరి నాట్ల రోజులు. ఆ క్యాలెండర్ వేసినవారెవరో గానీ వానాకాలంలో కొండ ఎక్కినవారు మాత్రం కాదు. ఇంత చేసి, చివరికి శాతం తగ్గిందని మా మీద రాస్తారు.

ఇక మనలో మనం అనుకునే మాట. దీని మీద మేము ఇంకా కటువుగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ మాటని ఫోన్లలో ఊరూరా తిప్పుతున్నది చదువుకున్న మన తమ్ముళ్ళే.

అడవి గాలి వైరస్‌ని ఆపదు. గ్రేట్ అండమానీల కన్నా అడవికి దగ్గరి వాళ్ళెవరున్నారు? 1877లో బయటివాళ్ళతో వచ్చిన తట్టు వాళ్ళని ఊళ్ళకి ఊళ్ళుగా తుడిచిపెట్టింది. ఇప్పుడు పదుల సంఖ్యలో మిగిలారు. ఆ మిగిలినవాళ్ళలో పదిమందికి 2020 ఆగస్టులో కరోనా సోకింది. ఒంటికి పరిచయం లేని జబ్బు వస్తే దెబ్బ మనకే ఎక్కువ. పైగా మన ఒళ్ళు ఏ స్థితిలో ఉందో మనకి తెలియదా? రక్తహీనత, క్షయ, సికిల్‌సెల్. సికిల్‌సెల్ ఉన్నవాళ్ళకి కరోనా ముదిరే ప్రమాదం మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. మైదానంలో జబ్బు ముదిరితే అంబులెన్స్ వస్తుంది. మనకి డోలీ కట్టాలి, నలుగురు మోయాలి, వాగు దాటాలి. ఆస్పత్రి ఎంత దూరమో ఒంట్లో ముందుగా రక్షణ ఉండడం అంత అవసరం.

‘టీకా వేసుకున్నా మళ్ళీ వచ్చిందిగా, మరి ఎందుకు?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. టీచర్లు దీన్ని తరగతిలో ఇలా చెప్పవచ్చు. థింసా పాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేసరికి ఒక మాట మారుతుంది, పది ఊళ్ళు దాటేసరికి నాలుగు మాటలు మారతాయి. వైరస్ కూడా ఒక ఒంట్లో వేల లక్షల సార్లు తనని తాను నకలు తీసుకుంటుంది. నకలులో తప్పులు దొర్లుతాయి. చాలా తప్పులు దానికే పనికిరావు. ఒక్కోటి మాత్రం త్వరగా అంటుకోవడానికో, మన ఒంటి కాపలా కళ్ళు కప్పడానికో పనికొస్తుంది. డెల్టా అలా వచ్చింది, 2021 వేసవిలో ఊపిరాడక ఎందరు పోయారో చూశాం. ఆ ఏడాది నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది. తర్వాత వచ్చిన జేఎన్.1 లాంటివన్నీ దాని పిల్లలే. పాట ఎంత మారినా వరస పూర్తిగా పోదు. పాత టీకా నేర్పిన ఒళ్ళు కొత్త వైరస్‌ని గడప దగ్గర ఆపలేకపోవచ్చు, ప్రాణం మీదికి రాకుండా మాత్రం చాలావరకు ఆపుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ జ్ఞాపకం పలచబడుతుంది. అందుకే ముసలివాళ్ళకి, పాత జబ్బులున్నవాళ్ళకి మళ్ళీ డోసు అంటారు. వైరస్ ఎంతమందిలో తిరిగితే అన్ని కొత్త రూపాలకి అవకాశం.

అంటురోగం వస్తే ఊరి పొలిమేరలో కంప వేసి రాకపోకలు ఆపడం మన పెద్దలకి ఎవరూ నేర్పలేదు. 2020లో ఎన్నో గూడేలు ఆ పని మళ్ళీ చేశాయి. అది తెలివి అయితే, ఒంటి చుట్టూ కంప వేసే టీకా తెలివితక్కువ ఎలా అవుతుంది? మన దిసారినీ వడ్డెనూ వదులుకోమని మేము చెప్పడం లేదు. వాళ్ళ చేత ఊరికి చెప్పిస్తే ఏఎన్‌ఎం పని సగం తగ్గుతుంది. అధికారులకి ఈ చిన్న సంగతి ఎందుకు తోచదో!

యువకులకి ఒక పని. మీ ఊళ్ళో సికిల్‌సెల్, క్షయ ఉన్నవాళ్ళెవరు, అరవై దాటినవాళ్ళెవరు, ఎవరికి ఎన్ని డోసులు పడ్డాయి, ఒక నోటుబుక్కులో రాయండి. వాళ్ళకి ఇప్పుడు ఇంకో డోసు కావాలా అని సబ్‌సెంటర్‌లో అడగండి. లేదు, రాలేదు అంటే ఐటీడీఏకి కాగితం పెట్టి రశీదు తీసుకోండి.

టీచర్లకి ఇంకో మాట. 2009లో మన పిల్లలకి వేసిన హెచ్‌పీవీ టీకాని తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో చెప్పింది. మంచి టీకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినదే. మన ఆడపిల్లలకి అది అందాలి. ఈసారి ఆ బండి ఆశ్రమ పాఠశాల గేటు ముందు ఆగినప్పుడు కాగితాల కట్ట మీ బల్ల మీదికే వస్తుంది. సంతకం పెట్టకండి. సంతకి తల్లిదండ్రులు ఎలాగూ కొండ దిగుతారు. ఆ రోజే వాళ్ళని బడిలో కూర్చోబెట్టి, కువిలోనో కోయలోనో సవరలోనో అంతా చదివి వినిపించి, అడిగినదానికల్లా జవాబు చెప్పి, అప్పుడు వేలిముద్ర తీసుకోండి.