‘ఆపండి’ అనే నోరు లేనికాడ నాణ్యతెక్కడిది?

2014 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధానమంత్రి ఒక పిలుపు ఇచ్చారు. మన దేశంలో తయారయ్యే సరుకులో లోపం అనేదే ఉండొద్దు అని. అప్పటి నుంచి కంపెనీ గోడల మీద, సర్కారు ప్రకటనల మీద నాణ్యత అనే మాటే. నాణ్యత పెరిగితే ఎగుమతులు పెరుగుతయట, ఎగుమతులు పెరిగితే దేశం గట్టెక్కుతదట. ఇది అబద్ధం కాదు. కానీ ఆ నాణ్యత ఎవరి చేతుల మీదుగా వస్తది, ఎవరి కోసం వస్తది అని అడిగితే పెద్దమనుషులు నోరు మెదపరు. ఇబ్రహీంపట్నంల ఉన్న మనకు ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా ఎక్కువున్నది.

ముందు జపాన్ ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం బూడిదైంది. జపాన్ సరుకంటే నాలుగు దినాలకు విరిగేది అని లోకమంతా నవ్వేది. 1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక శాస్త్రజ్ఞుణ్ని అక్కడి ఇంజనీర్ల సంఘం పిలిపించుకున్నది. ఆయన చెప్పింది వింటే మన కూలోళ్లకు కొత్తగా అనిపించదు. సరుకు చెడిపోతే పనోణ్ని తిట్టకండి, తప్పు చాలావరకు పని పెట్టిన పద్ధతిలో ఉంటది, ఆ పద్ధతి మార్చే అధికారం మేనేజర్ చేతిలో ఉంటది అన్నాడు. చివర్ల నిలబడి చెడ్డది ఏరి పారేసుడు కాదు, చెడ్డది పుట్టకుండ చూసుడే నాణ్యత అన్నాడు. తర్వాతి రోజుల్లో ఇంకొకటి కూడా గట్టిగ చెప్పిండు: పనిచేసే జాగల భయం ఉండొద్దు. టొయోటా కంపెనీలో లైను మీద పనిచేసే మామూలు కార్మికునికి అందేటట్టు ఒక తాడు కట్టిండ్రు. తప్పు కనబడితే తాడు గుంజాలె. సరి చేసేదాక లైను ఆగుతది. యుద్ధంలో మట్టి కరిచిన ఆ దేశం 1968 నాటికి పశ్చిమ జర్మనీని దాటింది. నాణ్యత ఒక్కటే కారణమని నేను అనను. కొరియా యుద్ధం ఆర్డర్లు కూడా కలిసొచ్చినయి. కానీ ఆ తాడుకు విలువ లేదని ఎవరూ అనలేరు.

ఇది మన దేశానికి రాలేదా అంటే, వచ్చింది. మనకు దూరం కూడా కాదు. పదిమంది దాకా కార్మికులు ఒకచోట కూర్చొని తమ పనిలోని లోపాలు తామే మాట్లాడుకునే క్వాలిటీ సర్కిల్ మన దేశంలో మొదలైంది 1980లో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌ల. 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా దానికొక సంస్థ కూడా ఏర్పడ్డది. పటాన్‌చెరు దిక్కు పుట్టిన ఆ పద్ధతి ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానకు ఎందుకు రాలేదు?

2022 ఆగస్టు 25న ఆ దవాఖానలో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టిండ్రు. ఒక్కనాడు 34 మంది ఆడబిడ్డలకు ఆపరేషన్లు. నాలుగైదు దినాల్లోనే నలుగురు చనిపోయారు. పసిపిల్లల తల్లులు. మిగతా 30 మందిని హైదరాబాద్ నిమ్స్‌కు, ఒక ప్రైవేటు ఆస్పత్రికి తరలించారు. ఇన్‌ఫెక్షన్ వల్ల పోయారని తేలింది. అయిదేసి లక్షలు, ఇండ్లు ప్రకటించారు. కొందరి మీద చర్యలు తీసుకున్నారు. పేపర్లల్ల రెండు వారాలు నడిచింది, ఆగిపోయింది.

ఆ ఆపరేషన్ ఎట్ల చేస్తరో తెలుసుకోవాలె. కడుపు మీద చిన్న గాటు పెట్టి ల్యాపరోస్కోప్ అనే గొట్టం లోపలికి పంపుతరు. ఒకరికి చేసినంక ఆ గొట్టాన్ని కడిగి, మందు నీళ్లల్ల 20 నిమిషాలు ముంచి, మంచినీళ్లల్ల కడిగినంకనే ఇంకొకరికి వాడాలె. లెక్క మీరే చేయండి. ఒక్క గొట్టమే ఉంటే గంటకు ముగ్గురి కన్నా ఎక్కువ చేయలేరు. 34 మందికి పదకొండు గంటలు దాటుతది. అందుకే ఒక్క బృందం దినానికి 30 మించొద్దు, అదీ మూడు గొట్టాలుంటేనే అని కేంద్ర సర్కారే రూలు రాసింది. ఆ 20 నిమిషాలే నాణ్యత. గోడ మీది సర్టిఫికెట్ కాదు.

రూల్లకు కొదవ లేదు. 2005లోనే ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో నాణ్యత కమిటీలు పెట్టమని సుప్రీంకోర్టు చెప్పింది. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక క్యాంపుల ఒక్కనాడు 83 మందికి కోసిండ్రు. ఆ క్యాంపులల్ల పదిమందికి పైగా చచ్చిపోయారు. 2016 సెప్టెంబర్‌లో అదే కోర్టు మూడేండ్లల్ల క్యాంపులే బంద్ చేయమన్నది. ఆ లెక్కన 2022లో మన ఊర్ల క్యాంపు ఉండనే ఉండొద్దు. (ఇంకో మాట. మొగోళ్లకు చేసే ఆపరేషన్ ఇంతకన్నా చిన్నది, ప్రమాదం తక్కువ. కానీ క్యాంపుకు వచ్చేది ఆడోళ్లే. ఈ తప్పు మన ఇండ్లల్లది, సర్కారు మీద తోసేది లేదు.)

ఇగ అసలు సంగతి. సర్కారు దవాఖానలల్ల గొట్టాలు కడిగేది, గుడ్డలు ఉతికేది, నేల తుడిచేది ఎవరు? కాంట్రాక్టు మీద పెట్టుకున్న ఆయమ్మలు, వార్డు బాయ్‌లు. ఎక్కువ మంది మన వాడల నుంచి పోయినోళ్లే. మందు నీళ్లు పాతబడినయా, గొట్టం సరిగ నానిందా అనేది అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. మరి ఏ ఆయమ్మ అయినా ‘సార్, ఆగుండ్రి, ఇంకా పది నిమిషాలు నానాలె’ అని చెప్పగలదా? చెప్తే రేపు పనిల ఉంటదా? టొయోటా కార్మికుని చేతికి తాడు ఇచ్చిండ్రు. మన ఆయమ్మ నోటికి తాళం వేసిండ్రు. ఆ తాళం పేరు కులం, కాంట్రాక్టు. కులం పనిని పంచుడే కాదు, పనిచేసేటోళ్లనే ఒకరి మీద ఒకర్ని మెట్లు మెట్లుగ పెడ్తదని అంబేద్కర్ 1936లోనే చెప్పిండు. కింది మెట్టు మీది మనిషి చూసింది పై మెట్టుకు చేరనికాడ ఏ మేనేజ్‌మెంట్ పద్ధతీ పనిచేయదు.

ఇదే మండలంల ఆదిబట్ల ఉన్నది. అక్కడ టాటా–బోయింగ్ ఫ్యాక్టరీల అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారైతయి, 2018 నుంచి అమెరికాకు పంపుతున్నరు. విమానాల పనిల ఏ ముక్క ఏడికెళ్లి వచ్చింది, ఎవరు బిగించిండ్రు, ఎవరు చూసిండ్రు అని ప్రతిదానికి లెక్క ఉండాలె, లేకుంటే కొనేటోడు తీసుకోడు. అంటే మనోళ్లకు నాణ్యత చేతకాదు అనేది ఉత్త మాట. అమెరికోడు అడిగితే వస్తది, వాడ ఆడబిడ్డ అడిగితే రాదు.

జపాన్‌ను కూడా నెత్తిన పెట్టుకోవద్దు. అక్కడ తోలు పని, కసాయి పని చేసే బురాకుమిన్ అనే అంటరాని జనం ఉన్నరు. వాళ్ల వాడల పేర్లతో జాబితాలు అచ్చేసి అమ్మితే, ఆ వాడల పిల్లలకు ఉద్యోగం ఇయ్యకుండ ఉండటానికి పెద్ద పెద్ద కంపెనీలే కొనుక్కున్నయని 1975లో బయటపడ్డది. నాణ్యత వస్తే వివక్ష దానంతటదే పోదు. అది వేరే కొట్లాట.

దేశం లెక్కలు రాసేటోళ్లు చెడిపోయిన సరుకును నష్టం కింద రాస్తరు. నకిలీ విత్తనంతో పోయిన పంట, ఒక్క వానకు కొట్టుకపోయిన రోడ్డు, తల్లి లేని పిల్లలు బడి మానేసి కూలికి పోవుడు, ఇవి ఏ పద్దుల రాస్తున్నరు? కంపెనీ నష్టమే దేశ నష్టమా?

సంఘం కార్యకర్తలు చేయాల్సింది ఉన్నది. మన ఆడోళ్లు ఆపరేషన్‌కు పోయిన్నాడు వెంట పోండి. ఇయ్యాల ఎంతమందికి చేస్తున్నరు, గొట్టాలు ఎన్ని ఉన్నయి, ఒక్కొక్కటి ఎంతసేపు నానబెడ్తున్నరు అని అడుగుండ్రి. సంతకం పెట్టే కాగితం తెలుగుల ఉన్నదా, చదివి వినిపించిండ్రా చూడుండ్రి. జిల్లా నాణ్యత కమిటీల ఎవరెవరున్నరో, ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నరో సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు. దవాఖానల క్వాలిటీ సర్కిల్ పెట్టమని, దాంట్ల కాంట్రాక్టు ఆయమ్మకు కుర్చీ వేయమని, ఆమె చెప్పింది రికార్డుల రాయమని, చెప్పినందుకు పనిల నుంచి తీసేయొద్దని దరఖాస్తు రాసి సూపరింటెండెంట్‌కు ఇయ్యుండ్రి. ముట్టినట్టు ముద్ర వేయించుకున్నంకనే బయటికి రాండ్రి.