గుండెకూ తగిలే గురి
రొమ్ము క్యాన్సర్ కణాల మీద హెర్‌-2 గ్రాహకాలు విపరీతంగా ఉంటే, వాటినే పట్టుకుని పనిచేసే మందు ట్రాస్టుజుమాబ్. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు ఎందరో ఆడవాళ్ల ఆయుష్షు పెంచింది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ 'టార్గెటెడ్' అనగానే మిగతా ఒంటికేమీ కాదని నమ్మేయడం ప్రమాదం. అదే హెర్‌-2 గుండె కండర కణాల మీదా ఉంది. ఒత్తిడి మీద పడ్డప్పుడు అవి తమను కాచుకునే దారి అది. ఆ దారి మూస్తే గుండె రక్తాన్ని నెట్టే శక్తి తగ్గవచ్చు. 2001లో వెలువడిన కీలక అధ్యయనంలో, ఈ మందును ఆంత్రాసైక్లిన్ కీమోతో కలిపి తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది. ఆ కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో 8 శాతమే. ఊరటేమిటంటే, తొందరగా కనిపెట్టి మందు ఆపి, గుండెకు చికిత్స మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. కనిపెట్టాలంటే ఎకో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష) తీయాలి: మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపైన సాధారణంగా మూడు నెలలకోసారి. ఇక ఖర్చు సంగతి: 2014లో బయోకాన్ కంపెనీ ట్రాస్టుజుమాబ్‌కు దాదాపు సమానంగా పనిచేసే తన బయోసిమిలర్‌ను తక్కువ ధరకు తెచ్చింది, సంతోషం. ఎకో మాత్రం అలసిన మనిషి మళ్లీ బస్సెక్కి, మరో డాక్టరు గుమ్మం ముందు కూర్చుని చేయించుకునే పనిగా మిగలకూడదు. ఇంజెక్షన్ తేదీ రాసే చీటీలోనే ఎకో తేదీ కూడా పడాలి, ఖర్చు భరించే పథకం రెండింటికీ కలిపే చెల్లించాలి. ఈ మందు తీసుకుంటున్న మనిషి ఆయాసం, కాళ్లవాపు అని చెబితే "కీమో నీరసంలే అమ్మా" అని పంపేయకండి, ఆ రోజే పరీక్ష చేయించండి.