పాట చీకటయితే తప్పేమిటి?

“ఈ పాటలో హుషారు లేదు!” - మన కళాశాలల్లో పాటకు పడే పెద్దశిక్ష ఈ ఒక్కమాటే. కామారెడ్డిలోనైనా, ఎల్లారెడ్డిలోనైనా వార్షికోత్సవం వచ్చిందంటే కాలు కదిపించే పాటకే వేదిక. మనసును కలతపెట్టే పాటకు తలుపు మూత. హుషారుకు నేను వ్యతిరేకిని కాను. కాని హుషారు ఒక్కటే సంగీతమా? జవాబు కోసం కాస్త దూరం పోయి, ఇంగ్లండులోని ఒక రాక్ బృందం కథ చెప్పుకోవాలి.

పింక్ ఫ్లాయిడ్ బృందం 1973లో ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’, 1975లో ‘విష్ యు వర్ హియర్’ తెచ్చింది. దుఃఖం వాటిలోనూ ఉంది, అయితే దాని మీద తేనెపూత ఉంది. జనం కోట్ల ప్రతులు కొన్నారు. అదే తీపి మళ్లీ వడ్డిస్తే కాదనేవాడెవడు? కాని 1977 జనవరిలో వచ్చిన ‘యానిమల్స్’లో ఆ తేనె లేదు. గిటారు గరుకు, గొంతులో కసి. మూడు పెద్ద పాటలూ 10 నిమిషాలు దాటినవే. ‘డాగ్స్’ ఒక్కటే 17 నిమిషాలు! వేటాడి పైకెక్కే కుక్కలు, నీతులు చెబుతూ పెత్తనం చేసే పందులు, తలవంచుకు నడిచే గొర్రెలు - మనుషులను ఇలా మూడు జాతులుగా చూపించారు. 1945లో అచ్చయిన జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ దీనికి ప్రేరణ. ఆర్వెల్ గురి రష్యా నియంతృత్వం మీద, వీరి గురి డబ్బు రాజ్యం మీద.

‘షీప్’ పాట వినండి. పాదం చివర రోజర్ వాటర్స్ గొంతు ఒక స్వరాన్ని సాగదీస్తుంది. అదే స్వరం మీద సింథసైజరు మెల్లగా పైకొస్తుంది, గొంతు తగ్గిపోతుంది. మనిషి ఎక్కడ ఆగాడో, యంత్రం ఎక్కడ మొదలైందో చెవికి తెలియదు. ఫిజిక్సు లెక్కన పౌనఃపున్యం ఒకటే, నాదగుణం మారింది, అంతే. కాని మనిషి మందలో కలిసిపోవడమంటే ఏమిటో ఉపన్యాసం లేకుండానే తెలిసిందా లేదా?

ఒక్కచోట వీరితో నాకు పేచీ ఉంది. అట్టమీది బొమ్మ కోసం 1976 డిసెంబరులో లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్కేంద్రం మీద గాలినింపిన పెద్ద పందిని ఎగరేశారు. అది తాడు తెంపుకుని కెంట్‌లో ఒక రైతు పొలంలో పడింది, ఆవులు బెదిరిపోయాయట. ఈ ముచ్చట అందరూ నవ్వుతూ చెబుతారు. ఎవుసం ఇంట్లో పుట్టిన నాకు మాత్రం ఆవుల సంగతే తోస్తుంది. పైన ఎగిరేది ఎవరిదైనా, పడేది రైతు చేలోనే! గొర్రెలనూ వాళ్లు అలా దూరం నుంచే చూశారు. పాటలో అవి తిరగబడతాయి, నిజమే. అయినా వాటికంటూ సొంత పాట లేదు.

మన దగ్గర గొర్రెలు కాసే కురుమలే డోలు పట్టి ఒగ్గుకథ చెప్పారు. కామారెడ్డి నుంచి హైదరాబాదు పోయే దారిలోని తూప్రాన్‌లో 1949లో పుట్టిన గద్దర్, భుజాన గొంగడితో, కాలికి గజ్జెతో ఆకలినీ చావునూ పాడాడు. 2023లో ఆయన పోయాక కూడా ఆ పాటలకు జనం కాళ్లు కదులుతున్నాయి. చీకటికీ హుషారుకూ వైరం ఎక్కడుంది?

అయితే నల్లచొక్కా తొడిగి గిటారును అరిపిస్తే సరిపోదు. ఆ చీకటి ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో పాట చెప్పాలి. మా దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఫోను కోసం ఎదురుచూసే ఇళ్లున్నాయి. 2025 ఆగస్టు వరదలో ఇసుక మేటలేసిన పొలాలున్నాయి. ఆ ఇళ్ల పిల్లలమే రెండు గంటలు ఎగిరి ఇంటికి పోతే, మన సంగతి పాడేదెవరు?

విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడు వార్షికోత్సవంలో 17 నిమిషాలు మన పిల్లలు సొంతంగా కట్టిన పాటకు ఇవ్వండి. డోలు మా ఊరినుంచి నేను తెస్తా. గిటారు ఉన్నవాళ్లెవరైనా ముందుకు రండి!