ఆకాశంలో గంట, రోడ్డు మీద పూట

పుట్టపర్తి విమానాశ్రయం నుంచి బెంగళూరు విమానాశ్రయానికి ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే దూరం సుమారు 105 కిలోమీటర్లు. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన పదమూడు నిమిషాల్లో చేరాలి. కాని అంత త్వరగా చేరదు. పైకి లేవడానికి, వేగం అందుకోవడానికి, మళ్ళీ మెల్లగా దిగడానికి, దిగే వంతు వచ్చేదాకా ఆగడానికి పట్టే సమయం దూరం తగ్గినంత మాత్రాన తగ్గదు. పదమూడు నిమిషాల దారికి అరగంట పైనే పడుతుంది. అందుకే పక్క పక్క ఊళ్ళ మధ్య విమానం వల్ల లాభం స్వల్పం. దూర ప్రయాణంలోనే దాని ఉపయోగం తెలుస్తుంది.

కర్నూలు విమానాశ్రయం సంగతి చూడండి. ఓర్వకల్లు వద్ద 2021 మార్చిలో దాన్ని ప్రారంభించి, అదే నెలలో బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు నడిపారు. ఓర్వకల్లు నుంచి విశాఖకు ఆకాశంలో సుమారు 580 కిలోమీటర్లు. చిన్న విమానానికి గంటన్నర ప్రయాణం. అదే రోడ్డున పోతే దాదాపు 700 కిలోమీటర్లు.

అయితే ఆ గంటన్నర ఎవరికి? రాయదుర్గం రైతు అనంతపురం చేరడానికి వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి ఓర్వకల్లుకు మరో 165 కిలోమీటర్లు. బస్సులు మారి, గంట ముందే విమానాశ్రయంలో ఉండాలంటే ఏడెనిమిది గంటలు నేల మీదే గడుస్తాయి. రైలులో పగలూ రాత్రీ కూర్చోవడం కంటే ఇది మేలే. కాని టిక్కెట్టు మీద రాసే ప్రయాణ కాలంలో ఈ గంటలు కనపడవు.

ఉడాన్ పథకం 2017లో అమలుకు వచ్చినప్పుడు గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధర సుమారు 2,500 రూపాయలకు పరిమితం చేశారు. మంచిదే. కాని విమానాశ్రయం దాకా పోయే దారి ఖర్చు ఎవరూ తగ్గించలేదు. అద్దె కారు మాట్లాడుకుంటే టిక్కెట్టు మీద మిగిలింది కాస్తా దానికే పోతుంది.

ఇది దొరల ముచ్చట అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ ఇది. వేరుశనగ ఎండిపోతే కదిరి ప్రాంతం నుంచి కువైట్ దాకా వలస పోయినవారున్నారు. తల్లి పోయిందన్న కబురు అందుకున్న కొడుకు అయిదు గంటల్లో బెంగళూరులో దిగగలడు. అర్ధరాత్రి దిగి, ఊరికి బస్సు లేక తెల్లారేదాకా కూర్చుంటే కడసారి చూపు కూడా దక్కదు.

కొత్త విమానాశ్రయం కావాలని నాయకులు అడగవచ్చు. అది కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఆర్టీసీ చేయగల పని ఒకటుంది. అనంతపురం, కదిరి, హిందూపురం, రాయదుర్గం డిపోల నుంచి విమానాల వేళలకు సరిపడేలా బస్సులు నడపాలి. ఆ వేళలను ప్రతి బస్టాండులో తెలుగులో రాసి పెట్టాలి. విమానం వేళ మారితే బస్సు వేళా మారాలి. రెండు జిల్లాల కలెక్టర్లు, ఆర్టీసీ అధికారులు ఒకచోట కూర్చుని ఈ లెక్క తేల్చాలి. ఆ లెక్క విమానం మెట్ల దగ్గర కాదు, పల్లెలో గడప దగ్గర మొదలుకావాలి.