చెరువు కట్ట దాకా వెళ్లాలి
వరంగల్ కోటలో కీర్తితోరణాల నడుమ కాసేపు తిరిగి, వేయిస్తంభాల గుడిలో ఫొటోలు దిగి, పొద్దుగూకేలోగా హైదరాబాద్ దారి పట్టే పర్యాటకులకు కాకతీయుల ఘనతలో సగమే కనిపిస్తుంది. మిగతా సగం నగరానికి దూరంగా, బస్సు దిగినవారికి సులువుగా అందని చెరువు కట్టల మీద ఉంది గనుక, ఒకటి రెండు రోజులకు అద్దె కారు మాట్లాడుకోవడాన్ని విలాసంగా కాక అవసరంగానే భావించాలి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ప్రతిష్ఠించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఆ గుడిని కళ్లారా చూసినవారిలో చాలామంది పక్కనే ఉన్న చెరువును తొంగిచూసి వెనుదిరగడం నిజంగా బాధాకరం, ఎందుకంటే ఊరు, గుడి, చెరువు మూడింటినీ ఒక్కటిగా తలచి నిర్మించడమే కాకతీయుల పద్ధతి. గుట్టల మధ్య వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నిలిపిన పాకాల చెరువు వద్ద, నీటిని కొలతగా కాలువలోకి వదిలే తూమునూ, నిండిన చెరువు కట్ట తెగకుండా అదనపు నీటిని పొర్లనిచ్చే గట్టి కట్టడమైన మత్తడినీ దగ్గరగా పరిశీలిస్తే, శిల్పుల ఉలికి ఏమాత్రం తీసిపోని ఇంజనీరింగ్ ప్రతిభ అర్థమవుతుంది. మరో కాకతీయ చెరువైన లక్నవరంలో సందడంతా వేలాడే వంతెన దగ్గరే, కట్ట దగ్గర కాదు. వానలు బాగా పడి మత్తడి దూకే రోజుల్లో వెళ్లేవారు గుడికి ఇచ్చినంత సమయాన్ని కట్టకూ కేటాయించాలి. ఈ చెరువుల కింద నేటికీ వరి పండుతోంది.