డేటా బాలానగర్‌లో, పాఠం గోడ మ్యాప్ మీద

హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణల గురించి ఇప్పుడు ఎవరు మాట్లాడినా ఉపగ్రహ చిత్రం లేనిదే మాట్లాడటం లేదు. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన పెట్టి చూపడం మామూలైపోయింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదంలోనూ అంతే. అసలు చిత్రాలతో పాటు ఏఐతో తయారైన నకిలీ బొమ్మలూ ఫోన్లలో తిరిగాయి, పోలీసు కేసులు కూడా అయ్యాయి. చివరికి ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చుకునే చదువు మాత్రం చాలా బడుల్లోకి ఇంకా రాలేదు.

సికింద్రాబాద్ పద్మారావు నగర్ సంగతే చూద్దాం. అక్కడి నుంచి బాలానగర్‌కు పట్టుమని పది, పన్నెండు కిలోమీటర్లు. ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉన్నది అక్కడే. ఉపగ్రహాల నుంచి సమాచారం దిగేది షాద్‌నగర్‌లో. 2009లో మొదలైన భువన్ పోర్టల్‌లో బడి పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి చేసిన విభాగం కూడా ఉంది. అమెరికా తన ల్యాండ్‌శాట్ చిత్రాలను 2008 నుంచి ఉచితంగా ఇస్తోంది. 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలను ఉచితంగా అందుబాటులో ఉంచాలని మన 2023 అంతరిక్ష విధానం కూడా చెప్పింది. అంటే డేటాకు డబ్బుల్లేవు అనే మాట చెల్లదు.

మరి అడ్డం ఏంటి? ఒకటి పరీక్ష. పదో తరగతి సోషల్‌లో మ్యాప్ అంటే నదినీ, నగరాన్నీ గుర్తించి మార్కులు తెచ్చుకోవడం. మార్కులు రాని పనికి పీరియడ్ దొరకదు. రెండోది భాష. విదేశీ సంస్థల చిత్రాలు దించుకునే చోట అంతా ఇంగ్లిషే. తెలుగు మీడియం పిల్లవాడికే కష్టమైతే, ఉర్దూ మీడియం అమ్మాయికి ఇంకెంత కష్టం! కంప్యూటర్ లేకపోవడం నిజానికి చిన్న అడ్డంకే. రెండు రంగుల ప్రింట్లు, వాటి మీద గళ్ల గీతలున్న ప్లాస్టిక్ షీటు ఉంటే చాలు, నీళ్లున్న గళ్లెన్నో పిల్లలు లెక్కపెట్టి చెప్పగలరు. 1975-76లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చూపిన దేశం ఇది. ఇప్పుడు కావాల్సింది అంతకన్నా చవక.

అయితే ప్రింటు చేతికిచ్చి వదిలేస్తే అది వాట్సాప్ ఫార్వర్డ్‌తో సమానం. ఆ చిత్రం ఏం చూడగలదో, ఏం చూడలేదో చెప్పడమే పాఠం. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. గజాల్లో లెక్కేస్తే దాదాపు 1,076. వారాసిగూడలో 60 గజాల ఇళ్లు వరసగా ఉంటే ఆ ఒక్క చుక్కలో పదిహేడు, పద్దెనిమిది ఇళ్లు ఇరుక్కుంటాయి. యూరప్ వాళ్ల సెంటినెల్-2లో చుక్క 10 మీటర్లే, అంటే దాదాపు 120 గజాలు, రెండిళ్లు. గజం లెక్క తెలియని ఇల్లు ఈ నగరంలో లేదు. రిజల్యూషన్ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది?

వేడి సంగతి ఇంకా ముఖ్యం. ఉస్మానియా క్యాంపస్ చెట్లనూ, పార్శిగుట్ట కప్పులనూ పక్కపక్కన పెట్టి వేసవి ఉష్ణోగ్రతలు పోల్చమని తొమ్మిదో తరగతికి పని ఇవ్వొచ్చు. కానీ ల్యాండ్‌శాట్ వేడిని కొలిచే చుక్క 100 మీటర్లు, దాదాపు రెండున్నర ఎకరాలు. పైగా అది కొలిచేది కప్పుల, రోడ్ల వేడిని, గాలి వేడిని కాదు. అదీ ఉదయం పదిన్నర ప్రాంతంలో. రాత్రి పదకొండైనా చల్లారని రేకుల గది ఆ చిత్రంలో కనిపించదు. ఆ గదిలో పడుకునే పిల్లలే క్లాసులో కూర్చుంటారు. చేతిలో ఓ మామూలు థర్మామీటర్ పెట్టి, రాత్రి గదిలో ఎంతుందో రాసుకురమ్మంటే ఉపగ్రహం వదిలేసిన లెక్క వాళ్లే పూరిస్తారు.

వానాకాలంలో మరో చిక్కు. 2020 అక్టోబర్ లాంటి వరదల్లో మామూలు కెమెరాకు దొరికేది మబ్బే. మబ్బులోంచీ, చీకట్లోంచీ చూడాలంటే రాడార్ కావాలి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల నైసార్ చేసే పని అదే. 12 రోజులకోసారి అదే చోటుకు తిరిగొస్తుంది, డేటా ఉచితం. ఇరుకు గల్లీల్లో నిలిచిన నీళ్లు రాడార్‌కూ సరిగా చిక్కవు, అది వేరే సంగతి.

ఇదంతా నేర్పితే ఏదో ఒక రోజు ఒక పిల్ల లేచి అడుగుతుంది: సార్, మా ఇల్లు చెరువులో ఉందా? తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. ఫలానా తేదీన అక్కడ నీళ్లున్నాయా లేదా అన్నదే చిత్రం చెబుతుంది. ఎండాకాలం చిత్రంలో చెరువు చిన్నది, వానలు పడ్డాక పెద్దది. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయన్న గీత, తేలేది నేల మీద సర్వేతో, గ్రామ పటాలతో, రెవెన్యూ రికార్డులతో. తండ్రి ప్లాటు కొన్న రోజున ఆ పటం ఎవరూ ఆయనకు చూపించి ఉండకపోవచ్చు. దాన్ని ఏ ఆఫీసులో అడగాలో, అర్జీ ఎలా రాయాలో కూడా అదే పీరియడ్‌లో చెప్పేయొచ్చు.