విజ్ఞానము మన యింటికి రావలెను

బెంగుళూరు నగరమున ‘ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్’ అను విజ్ఞాన పరిషత్తు కలదు. అది గొప్ప శాస్త్రజ్ఞుల సభ గదా, పావగడ తాలూకాలో తెలుగున చదువుకొను పిల్లలకు దానితో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. పని కలదనియే మా అభిప్రాయము.

ఈ పరిషత్తును 1934లో సర్ చంద్రశేఖర వెంకట రామన్ స్థాపించిరి. ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది. తండ్రిగారు అచ్చటి కళాశాలలో అధ్యాపకులు. 1930లో నోబెల్ బహుమానము నందిన రామన్, 1933లో బెంగుళూరునకు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకు డైరెక్టరైరి. ఆ కాలమున మనవారు తాము కనుగొన్న సంగతులను తఱచుగా విదేశ పత్రికలకు పంపుచుండిరి. మన పరిశోధన మన దేశముననే అచ్చు కావలెనని రామన్ పట్టుపట్టిరి. 65 మంది సభ్యులతో మొదలైన పరిషత్తు ఆ సంవత్సరముననే తన పత్రికను వెలువరించెను. 1970లో కీర్తిశేషులగు వఱకు రామన్‌గారే అధ్యక్షులు.

ఇట్టి సభల పని గౌరవములు పంచుట మాత్రమే కాదు. ఒకరు కనుగొన్నదానిని ఇతరులు పరిశీలించి, తప్పొప్పులు విచారించి, నిలిచినదానిని పదుగురికి అందించుట ముఖ్యము. అచ్చుకాని విజ్ఞానము పాతిపెట్టిన ధనము వంటిది.

ఒక్క ఉదాహరణము. నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామముల జనులు పండ్లు గారపట్టి, వెన్ను బిగుసుకొని బాధపడుచుండిరి. దానికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని 1937లో వైద్యులు మన దేశపు వైద్య పరిశోధన పత్రికలోనే ప్రకటించిరి. మన తాలూకాలో పెక్కు బోరుబావుల నీటిలోను ఆ ఫ్లోరైడే కలదు. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదను హద్దు ఏల యేర్పడినదో బిందె మోయు తల్లికి తెలియవలదా? ఆ సంగతి ఆంగ్లపు పుటలలోనే యున్నచో ఆమెకు ఫలమేమి?

కావున రామన్‌గారి న్యాయమును మఱియొక అడుగు ముందుకు నడపవలెనని మేము కోరుచున్నాము. విజ్ఞానము దేశమునకు వచ్చినది; ఇంటి భాషకును రావలెను. ఆ పరిషత్తే 1996 నుండి విద్యార్థులకై ‘రెజొనెన్స్’ అను మాసపత్రికను ఆంగ్లమున నడుపుచున్నది. హైదరాబాదున 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల శాస్త్రగ్రంథములను తెలుగున వెలువరించినది. మాటలు లేవనుట నిజము కాదు. వానిని వాడువారు కావలెను.

తెలుగున చదివినచో బిడ్డ వెనుకబడునేమో యని తల్లిదండ్రులు భయపడుట సహజమే. కన్నడము మన రాష్ట్రభాష. ఆంగ్లము పైచదువులకు మెట్టు. రెండును శ్రద్ధతో నేర్వవలసినవే. కాని ‘ఏల?’ యని ప్రశ్నించు అలవాటు బిడ్డకు తల్లిభాషలోనే ముందుగా కలుగును. ఆ ప్రశ్నయే శాస్త్రమునకు మూలము.

విద్యార్థులారా! ఉపాధ్యాయుల సాయముతో ఏటికొక్క శాస్త్రవ్యాసమైనను చదివి, దాని సారమును తెలుగున వ్రాయుడు. మీ ఊరి నీటిని పరీక్షింపజేసి, ఫలితమును ఇంటివారికి చదివి వినిపింపుడు. తప్పున్నచో తోటివారు దిద్దుదురు. పరిషత్తులు చేయు పనియు అదియే గదా!